సర్పంచి అభ్యర్థికి ప్రచార లోగో: గుర్తు రాకముందు నుంచి పోలింగ్ ముందురోజు దాకా

నామినేషన్ల కాలం దగ్గరపడగానే శ్రీకాకుళంలో నేను నడిపే డీటీపీ దుకాణంలో ఒకే ప్రశ్న పదే పదే వినిపిస్తుంది: "మా అభ్యర్థికి లోగో కావాలి, ఎలా చేయాలి?" అడిగేవారిలో అభ్యర్థుల మేనల్లుళ్లు ఉంటారు, కొత్తగా కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్చుకున్న కుర్రాళ్లు ఉంటారు, నరసన్నపేట, టెక్కలి, ఆమదాలవలసల నుంచి వచ్చే తోటి దుకాణదారులూ ఉంటారు. వాళ్లకు విడివిడిగా చెబుతూ వచ్చినదాన్ని ఇక్కడ వరుసగా రాస్తున్నాను. ఉదాహరణకు పంచాయతీ ఎన్నికను తీసుకున్నాను. శాసనసభకు నిలబడే స్వతంత్రుడికైనా పని చేసే వరుస ఇదే.

మొదలుపెట్టే ముందు ఒక విషయం గట్టిగా పట్టుకోండి. ఓటరు చేతికి వచ్చే బ్యాలెట్ మీద మీరు గీసిన లోగో ఉండదు. ఎన్నికల సంఘం ఇచ్చిన గుర్తు ఉంటుంది, అదీ చిన్నదిగా, నలుపు తెలుపుల్లో. గోడ మీద, కరపత్రం మీద, ఫోనులో కొద్ది రోజులుగా చూసిన బొమ్మ అదేనని కళ్లజోడు మరచి వచ్చిన ముసలమ్మకు కూడా ఆ క్షణంలో తట్టాలి. కింద చెప్పే ప్రతి మెట్టూ ఈ ఒక్క పని కోసమే.

1. గుర్తు రాకముందే సగం పని ముగించండి

2021 పంచాయతీ ఎన్నికల తొలి విడతలో నామినేషన్ల ఉపసంహరణ గడువు ఫిబ్రవరి 4, పోలింగ్ ఫిబ్రవరి 9. బరిలో ఎవరు మిగిలారో తేలిన తరువాతే గుర్తులు ఇస్తారు. అంటే మధ్యలో మిగిలినవి నాలుగు పూర్తి రోజులు. ప్రచారం ఆపవలసిన గడువు తీసేస్తే ఇంకా తక్కువ. గుర్తు వచ్చాక లోగో గురించి ఆలోచిద్దామనుకున్నవారి కరపత్రాలు పోలింగ్ ముందురోజు సాయంత్రం అచ్చయి, కట్టలు విప్పకుండానే ఇంట్లో మిగిలిపోవడం నేను చూశాను.

గుర్తును కోరుకునే వీలూ లేదు. పంచాయతీలో అభ్యర్థుల పేర్లను తెలుగు అక్షర క్రమంలో పేర్చి, జాబితాలోని గుర్తులను ఆ వరుసలోనే కేటాయిస్తారు. కాబట్టి ముందుగా చేయవలసింది గుర్తు కోసం ఖాళీ వదిలిన చట్రం. అందులో ఉండవలసినవి:

- అభ్యర్థి పేరు, ఇక మార్చనవసరం లేని అక్షరాల రూపంలో
- రెండు రంగులు, అంతకు మించకుండా
- ఒక్క వరుస నినాదం
- గుర్తు కోసం చదరపు ఖాళీ, మొత్తం విస్తీర్ణంలో మూడోవంతుకు తగ్గకుండా

ఖాళీ సిద్ధమయ్యాక అందులో మూడు ఉత్తుత్తి బొమ్మలు పెట్టి చూడండి: కొవ్వొత్తిలా నిలువుగా ఉండేది, ట్రాక్టర్‌లా అడ్డంగా ఉండేది, బంతిలా గుండ్రంగా ఉండేది. మూడూ ఇరుకు లేకుండా ఒదిగితే ఏ గుర్తు వచ్చినా గంటలో పని అయిపోతుంది.

కుర్రాళ్లు తరచూ 2008లో బరాక్ ఒబామాకు వాడిన వలయాకారపు ‘ఓ’ను, 2016లో హిల్లరీ క్లింటన్ కోసం డిజైనర్ మైఖేల్ బీరుట్ బృందం గీసిన బాణం గుర్తున్న ‘హెచ్’ను చూపించి, మన అభ్యర్థి పేరులోని మొదటి అక్షరంతో అలాంటిది చేద్దామంటారు. అమెరికా ఓటరు బ్యాలెట్ మీద పేరు చదివి ఓటు వేస్తాడు, అందుకే అక్కడ అక్షరం పనికొచ్చింది. మన ఓటరు వెతికేది గుర్తును. ‘అ’ను ఎంత అందంగా మలిచినా ఆ ‘అ’ బ్యాలెట్ మీద కనిపించదు. వాటి నుంచి తీసుకోదగినది ఒకటుంది: లోపల నింపే బొమ్మ లేదా రంగు మారినా చుట్టూ ఉన్న ఆకారం మారకపోవడం. మన చట్రానికి కావలసిన గుణం అదే.

2. పేరును అక్షరాల్లో నిలబెట్టండి

ఊళ్లో పిలిచే పేరు ఒకటి, నామినేషన్ పత్రంలోని పేరు మరొకటి అయితే పత్రంలోని పేరునే పెద్దగా వేయండి. పిలుపు పేరు దాని కింద చిన్నగా ఉండవచ్చు.

మన వైపు సూర్యనారాయణలు, అప్పలనాయుడులు, పైడిరాజులు ఎక్కువ. ‘ర్య’, ‘ప్ప’ లాంటి వత్తులు వరుస కిందికి దిగి నినాదాన్ని తాకుతాయి. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయే వరుస ఎడం తెలుగుకు చాలదు. పేరుకూ దాని కింది వరుసకూ మధ్య కనీసం వత్తు ఎత్తంత చోటు వదలండి.

లావైన అక్షరానికి రామభద్ర ఫాంటు బాగుంటుంది. చిన్న అక్షరాలకు మండలి గానీ నోటో గానీ వాడండి. గిడుగు, గురజాడ పేర్లతోనూ యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. ఆ ఇద్దరూ ఈ నేలవారే కనుక వాటిని తెరిచినప్పుడల్లా నాకు సంతోషం కలుగుతుంది. అయినా ప్రచారానికి ఫాంటును అభిమానంతో ఎంచుకోకూడదు. మీ అభ్యర్థి పేరును ఆ ఫాంటులో కొట్టి, అరంగుళం ఎత్తుకు కుదించి, అచ్చు తీసి చూడండి. వత్తుల లోపలి సందులు పూడుకుపోతే ఆ ఫాంటు వద్దు.

అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తరహా తెలుగు ఫాంట్లు) పని చేసేవారికి ఒక హెచ్చరిక. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే పేరు పిచ్చి గీతలుగా మారుతుంది. బయటికి పంపే ప్రతి ఫైలులోనూ అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటు అవసరం లేని గీతల బొమ్మలుగా మార్చండి. మార్చని ప్రతిని విడిగా దాచుకోండి, లేకపోతే రేపు తప్పు దిద్దడానికి మొదటి నుంచి కొట్టాల్సి వస్తుంది.

3. గుర్తు వచ్చిన గంటలో చేయవలసింది

ఇక్కడ తొందరపడితే మిగతా శ్రమంతా వృథా. కనుక మెట్టు మెట్టుగా వెళ్లండి.

మొదట, రిటర్నింగ్ అధికారి ప్రకటించిన గుర్తు బొమ్మనే సంపాదించండి. నోటీసు బోర్డు మీద ఉంటే కాగితానికి ఎదురుగా నిలబడి, ఫోను వంచకుండా ఫొటో తీయండి.

రెండోది, ఆ ఫొటోను కంప్యూటర్‌లో అడుగున పెట్టి, దాని మీద గీతలు గీయండి. బయటి ఆకారం యథాతథంగా ఉండాలి. లోపలి సన్నని గీతల్లో గుర్తుపట్టడానికి అవసరమైనవి ఉంచి, మిగతావి తగ్గించవచ్చు.

మూడోది, దిక్కు మార్చకండి. సైకిలు ముందు చక్రం ఎటు తిరిగి ఉంటే అటే ఉండాలి. చేయి గుర్తయితే బొటనవేలు ఎటుందో అటే. లోగోలో ఎడమవైపుకు తిప్పితే అందంగా ఉందని తిప్పేవారు ఉన్నారు. బ్యాలెట్ మీద ఎదురు దిక్కులో కనబడగానే ఓటరు వేలు ఆగిపోతుంది.

నాలుగోది, అంతర్జాలంలో దొరికే బొమ్మను వాడకండి. నా అనుభవం చెబుతాను. ఒక అభ్యర్థికి గ్యాస్ పొయ్యి వచ్చిందని ఫోనులో కబురందింది. అసలు బొమ్మ కోసం ఆగకుండా, నిగనిగలాడే రంగుల పొయ్యి బొమ్మను దించుకుని రెండు వేల కరపత్రాలు వేశాను. మర్నాడు జాబితా చూస్తే అందులోని పొయ్యికీ దీనికీ ఆకారమే కలవలేదు. ఊళ్లో ఒక పెద్దావిడ నా కరపత్రాన్నీ నమూనా బొమ్మనూ పక్కపక్కన పెట్టుకుని "ఇవి రెండూ ఇద్దరివా నాయనా?" అని అడిగింది. కరపత్రాలన్నీ నా ఖర్చుతో మళ్లీ వేశాను.

ఎన్నికల సంఘం బొమ్మలు పాతకాలపువని చిన్నచూపు చూడకండి. వాటిలో చాలావాటిని సంఘంలో నక్షాకారుడిగా పనిచేసి 1992లో పదవీ విరమణ చేసిన ఎం.ఎస్. సేథీ పెన్సిలుతో గీశారు. చదువు రానివాళ్లు కూడా చూడగానే పోల్చుకోవాలన్నదే వాటి వెనుక ఉన్న ఆలోచన. మన లోగోకు కావలసిన క్రమశిక్షణ ఆ గీతల్లోనే ఉంది.

ఐదోది, పక్కవాళ్ల గుర్తులు చూడండి. మీకు ఉంగరం, ఎదుటివారికి గాజులు వచ్చాయనుకోండి. రెండూ గుండ్రమే. అప్పుడు ఉంగరం మీది రాయిని స్పష్టంగా, లావు గీతతో చూపించండి, ప్రచారంలోనూ "రాయి ఉన్న ఉంగరం" అని చెప్పించండి. ఇది చిన్న సంగతి కాదు. తెలంగాణలో 2022 మునుగోడు ఉప ఎన్నికప్పుడు టీఆర్‌ఎస్ గుర్తు కారును పోలి ఉన్నాయంటూ రోడ్డు రోలర్ లాంటి గుర్తుల మీద వివాదమే నడిచింది.

4. ముద్రణకు ముందు ఐదు పరీక్షలు

కంప్యూటర్ తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి. తెరను నమ్మకండి. కాగితం మీద అచ్చు తీసి వీటిని వరుసగా చేయండి. అన్నిటికీ కలిపి అరపూట చాలు.

జిరాక్సు పరీక్ష: లోగోను నలుపు తెలుపుల్లో అచ్చు తీసి, దాన్ని జిరాక్సు తీయండి, ఆ జిరాక్సుకు మళ్లీ జిరాక్సు తీయండి. మూడో ప్రతిలోనూ గుర్తు తెలియాలి. పల్లెల్లో కార్యకర్తలు చేసేది సరిగ్గా ఇదే.

ఇరవై అడుగుల పరీక్ష: ఏ-4 కాగితాన్ని గోడకు అంటించి ఇరవై అడుగులు వెనక్కి నడవండి. ముందు గుర్తు, తరువాత పేరు, ఆ తరువాత నినాదం కనబడాలి. ఈ వరుస తప్పితే కొలతలు మార్చండి.

బొటనవేలి గోరు పరీక్ష: గోరంత కొలతకు కుదించి చూడండి. వాట్సాప్ ప్రొఫైల్ బొమ్మ గుండ్రంగా కత్తిరింపవుతుంది కనుక నాలుగు మూలల్లో పెట్టినవి ఎగిరిపోతాయి. దానికోసం గుర్తు ఒక్కటే నడుమ ఉన్న విడి ప్రతి చేయండి.

పెద్దల పరీక్ష: అరవై దాటిన ముగ్గురికి, వీలైతే చదువు రానివారికి చూపించి "ఇదేమిటి?" అని మాత్రమే అడగండి. సూచన ఇవ్వకండి. ముగ్గురిలో ఒక్కరు తడబడినా బొమ్మ మళ్లీ గీయాల్సిందే. నేను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మేది ఈ పరీక్షనే. గుర్తును గుర్తుగా చూసేవారు వాళ్లే. మనం పేరు చదివేసి, గుర్తు కూడా తెలిసిందనుకుంటాం.

పిల్లల పరీక్ష: ఒక పిల్లవాడికి అర నిమిషం చూపించి, కాగితం దాచేసి, గీయమనండి. వాడు ఏ భాగం వదిలేశాడో అది లోగోలో అనవసరమైనది. ఏ భాగం పెద్దగా గీశాడో గోడ మీద దాన్ని పెద్దది చేయండి.

5. రంగులు

పంచాయతీ ఎన్నికలు పార్టీ రహితం. పార్టీ జెండానో పార్టీ గుర్తునో లోగోలోకి తెస్తే ఫిర్యాదుకు తావిచ్చినట్టే. గుర్తు ఎప్పుడూ లేత నేల మీద ముదురు రంగులో ఉండాలి. తెల్లని నేల మీద పసుపు గుర్తు ఎండలో కనబడదు. ఆకుపచ్చ మీద ఎరుపు పెడితే రంగుల తేడా తెలియని కళ్లకు రెండూ ఒకటే. చౌక సిరాల్లో ఎరుపే ముందు వెలుస్తుంది, కాబట్టి గుర్తును నలుపులోనో ముదురు నీలంలోనో ఉంచి ఎరుపును అంచులకు వాడండి.

జాతీయ జెండానూ, నాలుగు సింహాల రాజ చిహ్నాన్నీ లోగోలో ఏ రూపంలోనూ పెట్టకండి. అది చట్ట విరుద్ధం.

6. గోడ రాత

ముందుగా ఇంటి యజమాని నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. బడి, పంచాయతీ కార్యాలయం, వంతెన, బస్సు షెల్టరు లాంటి ప్రభుత్వ గోడల జోలికి వెళ్లవద్దు. ప్రైవేటు గోడల మీద కూడా ఆ ఎన్నికకు అనుమతి ఉందో లేదో అధికారిని అడిగి తెలుసుకోండి.

పది గోడలు ఒకేలా రావాలంటే స్టెన్సిల్ తప్పదు. చిన్నవాటికి పాత ఎక్స్‌రే ఫిల్ము, పెద్దవాటికి పలుచని రేకు వాడతాం. ఇక్కడే కొత్తవాళ్లు దెబ్బతింటారు. స్టెన్సిల్‌లో చుట్టూ కోసిన వలయం లోపలి ముక్క ఊడిపోతుంది. ఉంగరం కోస్తే నడిమి బిళ్ల రాలిపోతుంది, సున్నా కోసినా అంతే, ‘ర’ కోసినా అంతే. పేరులో ఎన్ని మూసిన వలయాలు ఉన్నాయో ముందే లెక్కపెట్టి, ఒక్కోదానికి రెండు సన్నని వంతెనలు, అంటే లోపలి ముక్కను పట్టి ఉంచే కోయని పట్టీలు వదలండి. గోడ మీద కొట్టాక ఆ సందులను కుంచెతో పూడ్చవచ్చు.

పని వరుస:

- గోడను దులిపి, సున్నం ఒక పూత వేసి పూర్తిగా ఆరనివ్వండి. తడి మీద రంగు పాకుతుంది.
- దారంతో అడ్డగీత, నిలువుగీత కొట్టండి.
- ముందు గుర్తు, తరువాత పేరు. పేరుతో మొదలుపెట్టి చోటు చాలక గుర్తును మూలకు నెట్టిన గోడలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తాయి.
- స్పాంజిని రంగులో ముంచి, పిండి, అద్దండి. రుద్దితే అంచు కిందికి రంగు జారుతుంది.

7. ఫ్లెక్సీ, గుడ్డ, కరపత్రం, ఫోను

ఫ్లెక్సీలో నేను ఎక్కువగా చూసే తప్పు సాగదీత. 3×2 అడుగులకు చేసిన బొమ్మను 10×4కు లాగుతారు, ఉంగరం కోడిగుడ్డు అవుతుంది. చట్రాన్ని మూడు ఆకారాల్లో విడివిడిగా పేర్చుకోండి: చదరం, అడ్డం, నిలువు. కొలత పెంచాలంటే మూలను పట్టుకుని సమంగా మాత్రమే పెంచండి.

తరువాతి తప్పు ముఖాల వరుస. పైన నాయకులు, కింద అభిమానులు, మధ్యలో అభ్యర్థి, ఎక్కడో మూలన గుర్తు. డబ్బు ఇచ్చినవారందరి ఫొటోలూ ఉండాలని పట్టుబడితే, వారికోసం ఒక ఫ్లెక్సీ విడిగా చేయండి. ప్రచార ఫ్లెక్సీ మీద అభ్యర్థి ముఖం ఒకటి, గుర్తు ఒకటి చాలు.

సముద్రం పక్కనున్న కవిటి, సోంపేట, గార వంటి మండలాల్లో గాలికి ఫ్లెక్సీలు చిరిగి వేలాడతాయి. అక్కడ గుడ్డ బ్యానర్లే మేలు. మడిచి మళ్లీ కట్టవచ్చు, పని అయ్యాక ఇంట్లోనూ పనికొస్తాయి. గుడ్డ మీద స్క్రీను అచ్చుకు సన్నని గీతలు పనికిరావు. గుర్తు గీతలను మామూలుకన్నా ఒక వంతు లావు చేసిన ప్రతిని దానికి ఇవ్వండి.

ఫోనులో పంపేటప్పుడు లోగోను ఫొటోగా కాక డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే నాణ్యత తగ్గుతుంది, దాన్నే ఎవరో ఫ్లెక్సీకి ఇచ్చేస్తారు.

ఇచ్ఛాపురం, కంచిలి, మందస వైపు ఒడియా మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ పేరును రెండు లిపుల్లోనూ వేయండి. ఒడియా అక్షరాలను ఆ భాష చదివిన ఉపాధ్యాయుడికి చూపించకుండా అచ్చుకు పంపవద్దు. లిపి రానివాడు కంప్యూటర్‌లో కొట్టిన పేరులో తప్పు దొర్లితే, వేయకుండా ఉన్నదానికన్నా ఎక్కువ నష్టం.

8. పాత గుర్తు మనసుల్లో మిగిలి ఉంటే

కిందటిసారి ఉంగరం మీద గెలిచిన అభ్యర్థికి ఈసారి కత్తెర వచ్చిందనుకుందాం. ఓటర్లలో కొందరు ఉంగరం కోసమే వెతుకుతారు, ఆ ఉంగరం ఇప్పుడు ప్రత్యర్థిది అయి ఉండవచ్చు. పార్టీలకూ ఈ కష్టం తప్పలేదు. కాంగ్రెస్‌కు కాడెద్దుల తరువాత ఆవు దూడ, 1978లో చేయి వచ్చాయి. ప్రతిసారీ ఊరూరా తిరిగి కొత్త బొమ్మను నేర్పించాల్సి వచ్చింది.

చేయవలసినవి:

- చట్రం, రంగులు, పేరు అక్షరాలు పాతవే ఉంచండి. మారేది గుర్తు ఒక్కటే అయితే అభ్యర్థి అతనేనని తెలుస్తుంది.
- మీ పాత గోడ రాతలు ఎక్కడ మిగిలాయో వీధి వీధి తిరిగి రాసుకుని, సున్నం కొట్టించండి. కొత్త గోడలు రాయడం కన్నా ఇదే ముందు జరగాలి.
- పాత గుర్తును కొట్టివేసినట్టు చూపించే బొమ్మలు వేయకండి. చూసినవాళ్లకు గుర్తుండేది పాత బొమ్మే, కొట్టివేత కాదు.

9. అచ్చుకు పంపే ముందు సరిచూసుకునే పట్టిక

- గుర్తు ఆకారం, దిక్కు అధికారిక బొమ్మతో సరిపోయాయా?
- పేరు నామినేషన్ పత్రంలో ఉన్నట్టే ఉందా?
- అక్షరాలు కర్వ్స్ అయ్యాయా? వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశారా?
- నలుపు ప్రతి, ముదురు నేల మీద తెలుపు ప్రతి, రెండు రంగుల ప్రతి మూడూ ఉన్నాయా?
- కరపత్రం మీద ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లు, చిరునామాలు ఉన్నాయా? శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 127-ఎ సెక్షన్ ప్రకారం ఇవి లేకుండా అచ్చు వేస్తే 6 నెలల జైలు గానీ, 2,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. స్థానిక ఎన్నికల్లోనూ ఈ అలవాటు తప్పకండి.
- ప్రతుల సంఖ్య వేశారా? బిల్లు తీసుకున్నారా? ఇది అభ్యర్థి ఖర్చు లెక్కలోకి వస్తుంది.
- శాసనసభ, లోక్‌సభ ఎన్నికల్లో టీవీ, సామాజిక మాధ్యమాల ప్రకటన అయితే ఎన్నికల అధికారుల ముందస్తు ధ్రువీకరణ వచ్చిందా?

10. చివరి రోజు

ప్రచారం ముగిసేలోగా ఇంటింటికీ నమూనా బ్యాలెట్ ఇవ్వండి. అసలు బ్యాలెట్ రంగులోనూ కొలతలోనూ ఉండకూడదు, ఇతర అభ్యర్థుల పేర్లు, గుర్తులు వేయకూడదు. మీ గుర్తు వరుసలో ఎన్నోదో అక్కడే చూపించండి, మిగతా గడులు ఖాళీగా వదలండి. ఇందులో మాత్రం రంగులు, నినాదం, చట్రం ఏవీ వద్దు. నలుపు తెలుపుల్లో, బ్యాలెట్ మీద ఉండేంత కొలతలోనే గుర్తు వేయండి. ఇచ్చేటప్పుడు ఇంట్లో పెద్దవారి చేతికే ఇచ్చి, గుర్తు మీద వేలు పెట్టించి, ఒకసారి పేరు చెప్పించండి.

పోలింగ్ అయ్యాక గోడలకు సున్నం కొట్టించి, ఇంటివారికి ఎలా ఇచ్చారో అలా అప్పగించండి. స్టెన్సిళ్లను కడిగి ఆరబెట్టి, చట్రం ఫైళ్లను ఊరి పేరు, సంవత్సరంతో భద్రపరచండి.